అంబలి తాగినవా అని అడిగే డాక్టరు గారు

ఆపరేషన్ గది తలుపు తెరుచుకుని డాక్టరు గారు బయటకు వచ్చారు. రోజూ అయితే వరండా చివరి నల్లా దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కునేవారు. ఆ రోజు నల్లా వైపు చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలామె దగ్గరికి వచ్చి, ఆమె పక్కనే గచ్చు మీద కూర్చున్నారు. ఒంటి మీద తెల్ల గౌను అలాగే ఉంది. నేను నాలుగడుగుల దూరంలో నోటు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను.

"సారూ, మా పోరడు లేచిండా?" అని ముసలామె అడిగింది.

"లేవలేదమ్మా. ఇంక లేవడు."

ఆమె వెంటనే ఏడవలేదు. ఒళ్లో ఉన్న సత్తు గిన్నెను కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. తుడుస్తూనే, తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది.

"ఆకలైతాంది అవ్వా అన్నడు సారూ. పొద్దెక్కింది, మీరు రాలే. గింత అంబలి తాపిన. గింతనే." అరచేయి దొప్పలా చేసి చూపించింది.

డాక్టరు గారు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "తాగాడా అని అడగాల్సింది నేను. అందరినీ అడుగుతాను. ఇవాళ అడగలేదు. ఇది నా తప్పమ్మా."

ఆ మాటలు విన్నవాళ్లం ముగ్గురమే. ముసలామె, తలుపు దగ్గర నిలబడ్డ కాంపౌండరు, నేను.

ఇది జరిగింది నల్లగొండ జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో. నేను అప్పుడు ఒక దినపత్రికకు విలేకరిని. ఇప్పుడు విలేకరులుగా పనిచేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ రోజుల్లో పెద్ద వార్త ఏది రాశారు అని అడుగుతుంటారు. పెద్ద వార్తలు చాలానే రాశాను, ఒక్కటీ సరిగా గుర్తులేదు. పదకొండు పంక్తుల చిన్న వార్త ఒకటి మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. దాని గురించే చెబుతాను. అంతకంటే ముందు డాక్టరు గారి గురించి చెప్పాలి. వార్త రాసేటప్పుడు ఆయన గురించి నాకు అంతా తెలుసనుకున్నాను.

ఆయనది గుంటూరు వైపు ఊరు. తాతల నాటి నుంచి కతోలిక కుటుంబం. మా పట్టణంలోని ఒక చిన్న దవాఖానకు సర్జనుగా వచ్చారు. దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు, ఆ భవనమూ ఇప్పుడు లేదు. ఆయన భార్య బడిలో లెక్కలు చెప్పేవారు. ఐదుగురు పిల్లలు. చర్చిని వాళ్లు గుడి అనే అంటారు. ఉదయం ఐదున్నరకు గుడి గంట కొట్టేసరికి డాక్టరు గారి సైకిలు గుడి ముందు ఉండేది. పూజ అయ్యాక అటు నుంచి అటే దవాఖానకు. ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కుని, నీళ్లు మోచేతుల మీదుగా కారుతుండగా ఒక నిమిషం కదలకుండా నిలబడేవారు. పెదవులు మాత్రం కదిలేవి. కొత్తగా చేరిన నర్సు ఒకామె ఆయన కత్తులూ కత్తెరలూ లెక్కపెట్టుకుంటున్నారనుకుని, అన్నీ ఉన్నాయి సార్ అని చెప్పిందట. ఇంకొకటి కావాలమ్మా, దానికోసమే అడుగుతున్నాను అన్నారట ఈయన.

సాయంత్రం ఏడింటికి ఆ ఇంట్లో జపమాల. ఆ సమయంలో గవర్నరు వచ్చినా మెట్ల మీద కూర్చోవలసిందే. నేనూ చాలాసార్లు కూర్చున్నాను. తలుపు సందులోంచి కనబడేది: తల్లీ తండ్రీ మోకాళ్ల మీద, పిల్లలు వరసగా వాళ్ల వెనక. జపమాలలో నాలుగో పది పూసలకు వచ్చేసరికి చిన్నవాళ్లిద్దరూ నిద్రపోయి తండ్రి మీదికి ఒరిగేవారు. ఆయన కదలకుండా, వాళ్ల తలలు భుజాల మీదే ఉంచుకుని, జపం పూర్తి చేసేవారు. నాది ఆ మతం కాదు, ఆ ప్రార్థన నాకు రాదు. అయినా ఈ వయసులో సాయంత్రం ఏడయ్యేసరికి ఆ మెట్ల చల్లదనం ఒంటికి తగిలినట్టు అనిపిస్తుంది.

కాంపౌండరు ముసల్మాను, ఆయనకంటే పదేళ్లు పెద్ద. మత్తు ఇచ్చే పని అతనిదే. ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో డాక్టరు గారు మాంసం మానేసి ఒంటిపూట తింటుంటే ఏడిపించేవాడు. "మావి ముప్పై దినాలు, మీవి నలభై. అయినా మీ పొట్ట తగ్గుతలేదు, మా పొట్ట పెరుగుతలేదు. ఈ హిసాబ్ ఏందో అల్లా మియాకే ఎరుక" అనేవాడు.

ఇక ఆ ప్రశ్న సంగతి. ఆ రోజుల్లో మత్తు అంటే ఈథరు. ముఖం మీద గుడ్డ వేసి చుక్కలు చుక్కలుగా పోసేవారు. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. మన వాళ్లకు ఇది మింగుడుపడేది కాదు. కత్తి పడబోయే మనిషిని ఖాళీ కడుపుతో పంపడం ఏ తల్లికి మనసొప్పుతుంది? దాచి పెట్టేవారు. అడిగితే తిడతారని లేదు అనేవారు. డాక్టరు గారు దీనికి ఒక పద్ధతి కనిపెట్టారు. ఆపరేషన్ రోజు పొద్దున తానే మంచం పక్కన గొంతుకూర్చుని, తన గుంటూరు యాసలోనే మన మాటలు పలుకుతూ అడిగేవారు: "ఏమన్న తాగినవా? నీళ్లన్న? చాయన్న? అంబలి తాగినవా? కల్లు తాగినవా? తాగితే చెప్పు, నాక్కూడా ఇంత పొయ్యి." రోగి నవ్వేవాడు. ఆ నవ్వులో నిజం బయటపడేది. తాగితే ఆపరేషన్ మర్నాటికి. ఒక్క మాట కోపంగా అనేవారు కాదు. ఇంకో విశేషం, రోగి పస్తు ఉన్నంతసేపూ తానూ పస్తే. ఆపరేషన్ అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు.

నా పెద్ద కొడుకు పుట్టినప్పుడు నా భార్యకు కడుపు కోయాల్సి వచ్చింది. అప్పుడూ అలాగే గొంతుకూర్చుని అడిగారు. ఆమె అంత నొప్పిలోనూ నవ్వింది. ఆ చేతులు ఇద్దరిని నాకు అప్పగించాయి. ఆ కృతజ్ఞత నా కళ్లకు గంతలా అడ్డం పడుతుందని అప్పుడు తెలియదు.

ముసలామె మనవడు పోయిన ఆ రోజు గురువారం, సత్ప్రసాద పండుగ. డాక్టరు గారి పెద్దమ్మాయికి తొలి సత్ప్రసాదం. పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పాన్ని పిల్లలు మొదటిసారి నాలుక మీద అందుకునే రోజు. ఆ ఇళ్లల్లో అది పెళ్లంత ఘనం. పైగా బిషప్ గారు వచ్చారు. గురువారాలు ఆపరేషన్ రోజులు కూడా. ఆ రోజు ఒక్కటే ఉంది. కేతేపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడు. బావులు తవ్వే పని. గజ్జల్లో పేగు జారి బాధపడుతున్నాడు. వాయిదా వేద్దామా అని డాక్టరు గారు ముందు రోజు ఆలోచించారు. తొలకరి పడింది, కుర్రవాడి తండ్రి విత్తనాలు పెట్టుకోవాలని ఊళ్లో ఉండిపోయాడు, తోడుగా అవ్వ ఒక్కతే వచ్చింది, వీళ్లను ఇంకా ఆపడం ఎందుకనుకున్నారు. ఎనిమిదింటికి వచ్చేస్తాను అని చెప్పి గుడికి వెళ్లారు.

బిషప్ గారి ప్రసంగం పొడుగైంది. పూజ ముగిసేసరికే తొమ్మిది. డాక్టరు గారు సైకిలు తీసుకుంటుంటే నేను ఆపాను. పత్రికలో బిషప్ గారి రాక గురించి వార్త వేయాలి, దానితో డాక్టరు గారి కుటుంబం ఫోటో వేయించాలని నా ఆశ. స్టూడియో ఆయనను నేనే పిలిపించాను. ఆయన మూడు కాళ్ల కెమెరా పాతి, నల్లగుడ్డలో తల దూర్చేసరికి చివరి పిల్లవాడు ఆ నల్లగుడ్డను చూసి జడుసుకుని ఏడుపు లంకించుకున్నాడు. చిలక వస్తది, ఇటు జూడు అని స్టూడియో ఆయన, అదేదీ అని పిల్లవాడు. డాక్టరు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. "పేషెంటు ఉన్నాడండీ" అన్నారు. "ఒక్క నిమిషం సార్" అన్నాను. ముప్పావుగంట పట్టింది.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెల్ల గౌను, తలమీద పూలదండతో ఆ అమ్మాయి, పక్కన తల్లి, చుట్టూ పిల్లలు, అందరూ స్పష్టంగా ఉన్నారు. డాక్టరు గారి ఎడమ చేయి ఒక్కటే మసక. గడియారం చూసుకోవడానికి ఎత్తుతున్నారు.

ఫోటో కాగానే ఆ అమ్మాయి అరిసె తుంచి తండ్రి నోట్లో పెట్టింది. ఆయన ఒక క్షణం ఆగారు. బిడ్డ ముఖం చూసి తిన్నారు. ఆపరేషన్‌కు ముందు ఆయన ఏమైనా తినడం నేను చూసింది అదొక్కసారే.

తరవాత సైకిలు ఎక్కి ఎంత వేగంగా పోయారంటే నేను అందుకోలేకపోయాను. నేను వెనక బయల్దేరింది పిల్లల పేర్లు వరసగా రాసుకోవడం మరచినందుకు. నేను చేరేసరికి తలుపు మూసి ఉంది. ఆలస్యమైందన్న కంగారులో నేరుగా లోపలికి వెళ్లారు. మంచం పక్కన కూర్చుని అడగాల్సిన రోగి అప్పటికే బల్ల మీద ఉన్నాడు. కాంపౌండరు తరవాత నాతో అన్నాడు: "అడుగుడు సాబ్ పని. సాబ్ అడిగిండనుకున్న. సాబ్ అడుగుతడని ఇన్నేండ్ల సంది నేనెన్నడూ అడగలే."

మధ్యాహ్నానికి కబురు అంది, సాయంత్రానికి తండ్రి ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. డాక్టరు గారు అతనికి ఎదురు వెళ్లారు. మత్తు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి నేను చూసుకోలేదు, నా వల్ల పోయాడు అని చెప్పారు. అంబలి మాట ఎత్తలేదు. ఆ మనిషి ఎద్దుల వైపు చూశాడు. "మీరు గావాల్నని జేసిండ్రా సారూ" అన్నాడు. బండిలో ముసలామె కొడుకు పక్కన కూర్చోకుండా, మనవడి కాళ్ల దగ్గర కూర్చుంది.

బండి వెళ్లాక డాక్టరు గారు నా వైపు తిరిగారు.

"మీరు రాస్తారని తెలుసు. రాయండి. నేను అడగలేదని రాయండి. ఆ అవ్వ ఊసు మాత్రం వద్దు."

నేను తలూపాను.

రెండు రోజుల్లో ఊరంతా పాకింది. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఒకతను నాకు వినబడేటట్టే అన్నాడు: "బిడ్డకు పండుగ జేసుకుంట కూసున్నడట, ఈడ పోరని పానం వోయిందట." ఇంకొకడు నా గ్లాసు వైపు చూసి, "పేపరాయన ఏడ రాస్తడు? దోస్తాయె" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అదే పూట రాసి పంపాను. ఆపరేషన్‌కు ముందు ఏమీ తీసుకోరాదన్న నియమాన్ని లెక్కచేయక రోగి నాయనమ్మ అతనికి అంబలి తాగించినందున మత్తులో ఊపిరాడక మరణించినట్టు తెలియవచ్చింది, అని. తెలియవచ్చింది అనేది మా వృత్తిలో గొప్ప మాట. చెవులారా విన్నది కూడా ఎవరో చెప్పినట్టు రాయవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, అన్నిటికీ జవాబుంది ఆ వార్తలో. తినకూడదని ఆ నాయనమ్మకు ఎవరైనా చెప్పారా అన్న ఒక్క ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. ముందు రాత్రి నర్సు కుర్రవాడికి చెప్పిందట. అప్పుడు ఆ ముసలామె వరండాలో ఉందో, నీళ్లకు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వార్త పడింది. హైదరాబాదు డెస్కు వాళ్లు ‘ప్రాణం తీసిన అంబలి’ అని శీర్షిక పెట్టారు. ఊళ్లో నోళ్లు మూతపడ్డాయి. ఫోటో మాత్రం వేయలేదు, చోటు చాల్లేదట.

ఆ తరవాతి వారం, ఆదివారం పూజ అయ్యాక డాక్టరు గారు నా గదికి వచ్చారు. పత్రిక మడిచి చంకలో ఉంది. నా భార్య చాయ్ తెస్తే తాగారు, పిల్లవాణ్ణి ఎత్తుకున్నారు. వాడు ఆయన మెడలో జపమాల లాగుతుంటే విడిపించుకుంటూ, మామూలు గొంతుతోనే అన్నారు.

"ఇందులో ఒక్క అబద్ధం లేదండీ. నేను నాలుగుసార్లు చదివాను. ఫోటో సంగతి ఎక్కడా కనబడలేదు."

"మేము ఫాదరు గారి చెవిలో పాపసంకీర్తనం చేసేటప్పుడు ఒక నియమం ఉంది. ఎవరి పాపం వాళ్లే చెప్పుకోవాలి. పక్కవాళ్లది చెప్పకూడదు. మీరు నా కోసం ఆమెది చెప్పారు." పిల్లవాణ్ణి దించి, "పదండి, ఆ ఊరికి పోయివద్దాం" అన్నారు.

పోయాం. కేతేపల్లి దాకా బస్సు, అక్కణ్నుంచి నడక. వారం తిరగకముందే వార్త మాకంటే ముందు అక్కడికి చేరింది. బడి పంతులు చాయ్ హోటల్లో పైకి చదివాడట, తండ్రి అక్కడే ఉన్నాడట. మేము వెళ్లేసరికి ముసలామె ఇంట్లో లేదు. రెండు రోజుల క్రితం మూట కట్టుకుని వెళ్లిపోయింది. కర్మ అయ్యేదాకా కూడా ఆగలేదు. తండ్రి మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టాడు. గడప లోపలి నుంచి కోడలు అంది:

"మేమేమన్న అన్నమా? ఒక్క మాట అనలే సారూ. ఆమె చేతి ముద్ద తినబుద్ధి గాలే, గంతే. ఆమె చెయ్యి గిన్నెల పెడితె నాకు నా కొడుకే కండ్లల్ల మెదిలిండు."

డాక్టరు గారు గడప దగ్గరికి వెళ్లి, ఆమె కనబడకపోయినా చేతులు జోడించారు. తాను అడగకపోవడం, ఆలస్యం కావడం, అరిసె తినడంతో సహా అన్నీ వరసగా చెప్పారు. నేను కూడా చెప్పాలి. ఫోటో కోసం ఆపింది నేనని చెప్పాలి. ఆయన నా వైపు చూడకుండానే గడప దగ్గర నుంచి కదిలారు, నాకు ఆ అవకాశం ఇచ్చినట్టూ ఉంది, తీసేసినట్టూ ఉంది. తిరుగుదారిలో చెప్పాను, ఆయనకు. మీరు చెప్పాల్సింది నాకు కాదు కదండీ అన్నారు. ఆ ఇంటికి నేను మళ్లీ ఒక్కణ్నే వెళ్లి చెప్పడానికి మూడు నెలలు పట్టింది. తండ్రి విన్నాడు. ఇప్పుడు చెప్పుడెందుకు, అమ్మనైతే తోలుకొస్తవా అన్నాడు.

వెదికాం. మేళ్లచెరువు దగ్గర సున్నపు బట్టీల్లో పనిచేసే ఆమె చెల్లెలి ఇంట్లో ఎనిమిది రోజులు ఉండి వెళ్లిందన్నారు. అక్కణ్నుంచి పాలమూరు కూలీల గుంపు ఒకటి సాగర్ డ్యాము పనికి పోతుంటే వాళ్ల వెంట పోయిందని ఒకరు, పోలేదని ఒకరు. డాక్టరు గారు నెలకో ఆదివారం డ్యాము గుడిసెల దగ్గరికి మందుల పెట్టెతో వెళ్లడం అలా మొదలైంది. పుండ్లు కడిగేవారు, పిల్లలకు మందులిచ్చేవారు. పెద్దమ్మాయి వెంట వెళ్లి గుడిసె గుడిసెకూ తిరిగి, కేతేపల్లి దిక్కు అవ్వ ఎవరైనా ఉన్నారా అని అడిగేది. ఒకసారి, కూలీల పిల్లలకు అంబలి కాచి పోసే ముసలామె ఒకతె ఉందని విని పరుగెత్తాం. ఆమె వనపర్తి మనిషి. విషయం విని, నన్నే అవ్వ అనుకోరాదా బిడ్డా అని డాక్టరు గారికి ఒక గిన్నె పోసింది. ఆయన గిన్నె అడుగు కనబడేదాకా తాగారు.

కొన్నేళ్లకు ఆయన మహబూబ్‌నగర్ వెళ్లిపోయారు. మరో రెండేళ్లకు మా పత్రిక వాళ్లు నన్నూ అక్కడికే వేశారు. మళ్లీ అవే మెట్లు దొరికినట్టయింది. అప్పటికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు, జపమాలలో ఎవరూ నిద్రపోవడం లేదు. ఆపరేషన్ గదికి వెళ్లే ముందు ఆ ప్రశ్న ఇప్పుడు ఆయన, అక్కడి నర్సు, అక్కడి కాంపౌండరు, ముగ్గురూ విడివిడిగా అడిగేవారు. నాక్కూడా ఇంత పొయ్యి అన్న ముక్క మాత్రం మానేశారు.

నవంబరులో సమాధుల పండుగకు వాళ్లు పోయినవాళ్ల పేరున కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆయన తల్లికి, తండ్రికి, ఆ బావులు తవ్వే కుర్రవాడికి, తన చేతుల్లో పోయిన మరి కొందరికి ఒక్కొక్కటే వెలిగించేవారు. ఒకటి మిగిలేది. దాన్ని కోటు జేబులో పెట్టుకునేవారు. మొదటి ఏడు మరచిపోయారనుకుని, ఇంకొకటి ఉంది సార్ అన్నాను.

"పోయినవాళ్లకే కదండీ వెలిగించేది. ఆమె పోయిందని మనకెవరూ చెప్పలేదు."

పంతొమ్మిది వందల అరవైల చివర ఆయన కామెర్లతో పోయారు. యాభై నిండి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆఖరి వారం మంచం చుట్టూ ఐదుగురూ మోకాళ్ల మీద ఉంటే, ఈసారి జపం మధ్యలో నిద్రపోయింది ఆయన. నేను గుమ్మం బయటే కూర్చున్నాను. ఆయన గురించి పత్రికకు ఒక నివాళి రాసి పంపాను. భక్తుడు, హస్తవాసి గల సర్జను, మంచి తండ్రి అని రాశాను. అన్నీ నిజాలే. అందులోనూ ఫోటో సంగతి లేదు.

అంత్యక్రియలయ్యాక పెద్దమ్మాయి నాకు ఒక పొట్లం ఇచ్చింది. అప్పటికి ఆమె నర్సు చదువు చదువుతోంది.

"నాన్న కోటు జేబులో ఉంది బాబాయి గారూ. ఇది ఎవరిదో మీకు తెలుసట. మీకే ఇమ్మన్నారు."

ముప్పై ఏళ్లు దాటింది. ఎండలకు ఆ కొవ్వొత్తి కాస్త వంగింది. వత్తి తెల్లగానే ఉంది. ఆ అవ్వ ఉంటే ఇప్పటికి నూరేళ్లు దాటి ఉంటాయి. నల్లగొండ నుంచి ఎవరు వచ్చినా, కేతేపల్లి దిక్కు నుంచి ఎవరు వచ్చినా అడుగుతూనే ఉన్నాను. ఆమె చనిపోయినట్టు నాకింతవరకూ తెలియరాలేదు.